ఇల్లాలి పని ఆగినప్పుడే కనబడుతుందా? గృహిణి పాత్ర, గౌరవం గురించి ఒక చర్చ

తెల్లకాగితం:

అందరికీ నమస్కారం. కొన్ని నెలల క్రితం నా కుడి మణికట్టు విరిగి, ఆరు వారాలు చేతికి కట్టుతో గడపవలసి వచ్చింది. పెళ్లైన ఇరవై రెండేళ్లలో ఇంటిపనికి నేను అన్ని రోజులు దూరంగా ఉండటం అదే మొదటిసారి. నా భర్త, పిల్లలిద్దరూ మంచి మనసుతోనే పనులు పంచుకుందామని కూర్చుని, నేను రోజూ చేసేవన్నీ ఒక్కొక్కటిగా చెప్పమని అడిగి నోటుపుస్తకంలో రాసుకున్నారు. మొదటి రోజు ఒక పేజీ నిండింది. వారం తిరిగేసరికి నాలుగు పేజీలైంది, ఎందుకంటే రోజుకు ఒకటో రెండో పనులు ఎక్కడో ఆగిపోయేవి, అప్పుడు ఎవరో ఒకరు వచ్చి, ఇది కూడా నువ్వే చూసేదానివా అని అడిగి, దాన్ని పుస్తకంలో చేర్చేవారు.

ఆ నాలుగు పేజీల్లో వంట, గిన్నెలు, బట్టలు, ఊడ్చడం, తుడవడం వంటి కంటికి కనబడే పనులు సగం కూడా లేవు. మిగిలినవన్నీ గుర్తుపెట్టుకోవడాలే. మా మామగారి మాత్రలు ఇంకా ఎన్ని రోజులకు వస్తాయో చూసుకోవడం, చిన్నవాడి బూట్లు బిగుతవుతున్నాయని వాడు చెప్పక ముందే గమనించడం, ఏ సరుకూ నిండుకోక ముందే తెప్పించడం, ఇంట్లో ఇద్దరి మధ్య మాట పట్టింపు వస్తే అది ముదరకుండా ఎవరితో ఎప్పుడు మాట్లాడాలో ఆలోచించుకోవడం. వీటిని పనులని పిలవాలని అంతవరకు నాకే తోచలేదు.

పుస్తకం మూస్తూ మా అమ్మాయి, కాలేజీ దరఖాస్తులో తల్లి వృత్తి అని ఉన్న చోట తాను గీత గీసి వదిలేశానని చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ పిల్లను నేను తప్పుపట్టలేదు. ఎవరైనా అడిగితే నేను కూడా ఏమీ చేయడం లేదు, ఊరికే ఇంట్లోనే ఉంటున్నాను అనే చెబుతూ వచ్చాను. మా అమ్మ తరంలో ఇల్లాలు అనే మాటకు ఒక బరువు ఉండేది. ఇప్పుడు ఆ మాట చెప్పుకోవడానికి నాకు నోరు రావడం లేదు. పని మారిందా, చూసే కన్ను మారిందా? మీ ఆలోచనలు తెలుసుకోవాలని ఉంది.


లెక్కలపుస్తకం:

అమ్మా, మీ అమ్మాయి గీసిన గీత ఆ పిల్ల ఒక్కతే గీసింది కాదు. నేను గణాంక శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. దేశాల ఆదాయాన్ని లెక్కగట్టే పద్ధతిలోనే ఆ గీత ఉంది. ఐక్యరాజ్య సమితి 1953లో అన్ని దేశాలకూ ఒకే రకమైన జాతీయ ఖాతాల పద్ధతిని తయారుచేసినప్పుడు, ఇంట్లోవాళ్ల కోసం ఇంట్లోవాళ్లే చేసే సేవలు ఉత్పత్తి లెక్కలోకి రాలేదు. తరువాత ఎన్నో సవరణలు జరిగినా ఆ హద్దు మాత్రం మారలేదు. దూరం నుంచి నీళ్లు మోసుకొస్తే ఆ శ్రమ ఉత్పత్తి కిందకు వస్తుంది. ఆ నీళ్లతో వంట చేస్తే రాదు. ఈ తేడాను కొత్తగా చేరిన ఉద్యోగులకు వివరించిన ప్రతిసారీ నాకు ఇబ్బందిగానే ఉండేది.

ఇందులోని చిక్కును పెద్దలు ముందే గుర్తించారు. ఒక పురుషుడు తన ఇంట్లో జీతానికి పనిచేస్తున్న స్త్రీని పెళ్లి చేసుకుంటే, ఆమె అదే పనిని అదే ఇంట్లో చేస్తున్నా, జాతీయ ఆదాయం ఆ మేరకు తగ్గిపోతుందని బ్రిటిష్ ఆర్థికవేత్త పిగూ వందేళ్ల కిందటే రాశారు. 1934లో మార్గరెట్ రీడ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త దీనికి తేలికైన పరీక్ష ఒకటి చెప్పారు. ఒక పనిని డబ్బిచ్చి మరొకరిచేత చేయించుకోగలిగితే అది ఉత్పత్తే, చేయించుకోలేనిదైతే అది సొంత విషయం. భోజనం వండటం మొదటి కోవలోకి వస్తుంది, తినడం రెండో కోవలోకి వస్తుంది. ఇంత స్పష్టమైన కొలత చేతిలో ఉండి కూడా ఆ పనిని లెక్క బయటే ఉంచారు.

ఈ మధ్య కొంత మార్పు వచ్చింది. 2013లో జెనీవాలో జరిగిన కార్మిక గణాంకవేత్తల అంతర్జాతీయ సమావేశం పని అనే మాటకు నిర్వచనాన్ని విస్తరించి, సొంత కుటుంబం కోసం చేసే సేవను కూడా పనిగా గుర్తించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో జీతం లేని సంరక్షణ పనికి రోజూ 1,640 కోట్ల గంటలు ఖర్చవుతున్నాయి. అంటే 200 కోట్ల మంది రోజుకు 8 గంటల చొప్పున జీతం లేకుండా పనిచేయడంతో సమానం. అందులో 76.2 శాతం స్త్రీలు చేస్తున్నదే. సగటున స్త్రీ రోజుకు 4 గంటల 25 నిమిషాలు, పురుషుడు 1 గంట 23 నిమిషాలు చేస్తున్నారు. మీ నోటుపుస్తకంలో సగానికి పైగా ఉన్నవి, అదే ఆ గుర్తుపెట్టుకోవడాలు, ఈ గంటల్లో చాలా వరకు లేవు. ఒక చేత్తో అన్నం కలుపుతూ మనసులో మాత్రలు లెక్కపెట్టుకుంటున్న మనిషిని ఏ సర్వే కాగితమూ పట్టుకోలేదు.


సాయంసంధ్య:

తెల్లకాగితం గారూ, నాకు 74 ఏళ్లు. మీ ప్రశ్నలో ఒక్క మాటను సవరించాలని రాస్తున్నాను. ఇల్లాలు అనే మాటకు ఆ రోజుల్లో బరువు ఉండేది నిజమే గానీ, ఇంట్లో ఉన్న ఆడవాళ్లందరికీ ఆ బరువు దక్కేది కాదు. పెత్తనం ఒకరిది, చాకిరీ ఇంకొకరిది. తాళాలు ఎవరి దగ్గర ఉంటే వారిని ఇల్లాలనేవారు. పదహారేళ్లకు పెళ్లై వచ్చిన నేను చాలా ఏళ్లు వంటింట్లో చెప్పినది చేసే మనిషినే తప్ప ఇల్లాలిని కాను. మా అత్తగారు పోయాకే నాకు ఆ మాట వచ్చింది, అది వచ్చేనాటికి నాకు నలభై దాటాయి.

అయినా మీరు అన్నదాంట్లో నిజం ఉంది. అప్పట్లో ఇల్లంటే ఎన్నో వస్తువులు తయారయ్యే చోటు. దంచడం, విసరడం, కుట్టడం, ఏడాదికి సరిపడా నిల్వచేయడం, కాన్పులు చూడటం, రోగులను చూడటం, అన్నీ ఇంట్లోనే జరిగేవి. అవి చేయడం రాని ఇల్లు నడవదని మగవాళ్లకు కూడా తెలుసు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్న మాట అందుకే పుట్టింది. ఇప్పుడు వాటిలో చాలా పనులు ఇంటి గడప దాటి బయటికి వెళ్లాయి, వెళ్లి డబ్బుగా మారాయి. గడప లోపల మిగిలినవన్నీ మాత్రం డబ్బు లేని పనులు. మనుషులు డబ్బును చూసి గౌరవించడం అలవాటు చేసుకున్నాక, లోపల మిగిలిపోయిన మనిషి విలువ తగ్గినట్టు కనబడింది.

ఇంకొక తేడా నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. మేము తిట్లు తిన్నా, అలసిపోయినా, పక్కన ఇంకో నలుగురు ఆడవాళ్లం ఉండేవాళ్లం. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు పొయ్యి దగ్గర నిలబడేవారు. నా చిన్న కోడలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాలుగు గోడల మధ్య పసిబిడ్డతో ఒంటరిగా ఉండటం చూశాను. నేను ఆ ఒంటరితనాన్ని ఎరగను.


కొత్తపాఠకుడు:

పెద్దల మాటలకు ఎదురుచెప్పాలని కాదు, నిజంగా అర్థం చేసుకోవాలని అడుగుతున్నాను. దంచడం, విసరడం, చేత్తో బట్టలుతకడం పోయి యంత్రాలు వచ్చాయి కదా. అలాంటప్పుడు ఇంటిపని భారం బాగా తగ్గి ఉండాలి. తగ్గింది కాబట్టే సమాజం దానికి ఇచ్చే విలువ కూడా తగ్గిందని అనుకోవడంలో తప్పేముంది?


లెక్కలపుస్తకం:

అడగవలసిన ప్రశ్నే అడిగారు. యంత్రాలు చాలా ముందే వచ్చిన అమెరికాలో దీన్ని కొలిచి చూశారు. జోఆన్ వానెక్ అనే సామాజిక శాస్త్రవేత్త 1974లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఉద్యోగం చేయని గృహిణులు 1924లో వారానికి సుమారు 52 గంటలు ఇంటిపనికి వెచ్చించేవారు. నీళ్ల కుళాయి, కరెంటు, వాషింగ్ మెషిన్, ఫ్రిజ్ అన్నీ వచ్చిన 1960ల నాటికి అది 55 గంటలైంది. చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో దీనికి కారణాలు వివరించారు. కట్టెలు కొట్టడం, నీళ్లు మోయడం వంటి మగవాళ్ల పనులను, పిల్లల పనులను కొత్త సాధనాలు తీసేశాయి. తల్లి పని తల్లి దగ్గరే ఉండిపోయింది. వాషింగ్ మెషిన్ రాకముందు బయటికి వెళ్లిన బట్టలు అది వచ్చాక తిరిగి ఇంటికే వచ్చాయి. వారానికి ఒకసారి మార్చే దుస్తులు రోజూ మార్చడం మొదలైంది. శుభ్రత, పిల్లల పెంపకం విషయంలో ఇంత ఉండాలి అనే కొలబద్ద పైకి జరిగింది. కాబట్టి శ్రమలో బరువు తగ్గిందనడం నిజం, సమయం తగ్గిందనడం మాత్రం అప్పటి లెక్కల్లో నిజం కాలేదు.

ఆ తరువాతి దశాబ్దాల్లో చాలా సంపన్న దేశాల్లో స్త్రీలు ఇంటిపనికి వెచ్చించే గంటలు తగ్గాయి, పురుషులవి కొంత పెరిగాయి, అది కూడా చెప్పాలి. కానీ ఆ తగ్గుదలకు ముఖ్య కారణాల్లో ఒకటి స్త్రీలు బయట ఉద్యోగాలకు వెళ్లడం.


రెండుపూటలు:

నేను ఉద్యోగం చేస్తున్నాను, ఇద్దరు పిల్లల తల్లిని. ఈ చర్చను చదువుతూ ఒక మాట చెప్పడానికి చాలాసేపు వెనకాడాను, ఎందుకంటే తెల్లకాగితం గారి మనసు నొప్పించాలని నాకు లేదు. గృహిణిని పొగిడే మాటలు చాలాసార్లు నాలాంటివాళ్లను కొట్టడానికి పనికొస్తున్నాయి. పిల్లవాడికి మార్కులు తగ్గితే, తల్లి ఇంటిపట్టున ఉండి ఉంటే ఇలా అయ్యేదా అంటారు. అదే మనుషులు, అదే నోటితో, ఇంట్లో ఉన్న మా వదినను చూసి చదువంతా వృథా చేసుకుందని అంటారు. అడకత్తెరలో పోకచెక్క సామెత మా ఇద్దరికీ సరిపోతుంది. మమ్మల్ని ఎదురెదురుగా నిలబెట్టి ఎవరు ఎక్కువ అని తూచడం వల్ల, ఆ పనిలో ఇంట్లో ఉన్న మిగతావాళ్ల వాటా ఎంత అనే ప్రశ్న ఎప్పుడూ పక్కకు పోతోంది.

ఆఫీసు నుంచి వచ్చాక మొదలయ్యే రెండో పూట పని గురించి ఆర్లీ హాక్‌షిల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1989లోనే రాశారు. నా పేరు అక్కడి నుంచే పెట్టుకున్నాను. నా అనుభవంలో, ఉద్యోగం వల్ల నాకు ఇంటిపని తప్పలేదు. కాకపోతే నేను చేసే ఇంటిపని ఎవరి కంటా పడకుండా పోయింది, ఎందుకంటే నన్ను ఉద్యోగినిగానే లెక్కవేస్తారు. తెల్లకాగితం గారు చెప్పిన గుర్తుపెట్టుకోవడాలు నా తలలో కూడా అలాగే ఉన్నాయి, సమావేశంలో కూర్చున్నప్పుడు కూడా ఉంటాయి.


ఇంటిపట్టున:

నేను పురుషుణ్ణి. ఆరేళ్లుగా ఇల్లు నేనే చూసుకుంటున్నాను, నా భార్య ఉద్యోగం చేస్తోంది. మా ఇద్దరి నిర్ణయం అది. నాకు ఎదురైనవి రెండు రకాలు. మగవాళ్లలో కొందరు నా ఉద్యోగం పోయిందేమోనని జాలిపడి, ఎక్కడైనా చూడమంటావా అని అడుగుతారు. ఆడవాళ్లలో చాలామంది నేను పాపకు జడ వేస్తుంటే చూసి అదేదో గొప్ప విషయంలా మెచ్చుకుంటారు. అదే జడ నా భార్య ఎన్నిసార్లు వేసిందో, అప్పుడు ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా నాకు సిగ్గుగా ఉంటుంది.

మొదటి ఏడాది నేను పనులు చేశాను గానీ ఇల్లు నడపలేదు. ఏం చేయాలో ఆమె ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పేది, నేను చేసేవాణ్ణి. బుర్రలో బరువంతా ఆమె దగ్గరే ఉండిపోయింది. 2019లో అలిసన్ డమింజర్ అనే పరిశోధకురాలు దీన్ని నాలుగు భాగాలుగా విడదీసి చూపారు. అవసరాన్ని ముందుగా ఊహించడం, దారులు వెతకడం, నిర్ణయించడం, జరిగిందో లేదో కనిపెట్టి ఉండటం. నిర్ణయించే చోట దంపతులిద్దరూ కూర్చుంటున్నారు. మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా భార్యల మీదే పడుతున్నాయని ఆమె గమనించారు. మా ఇంట్లో ఆ మొదటిదాన్ని నేను నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఇది పుట్టుకతో ఆడవాళ్లకు వచ్చే విద్య అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నేర్చుకోవలసిన అవసరం మగవాళ్లకు కలగనివ్వలేదు, అంతే.


నిదానం:

ఇంతవరకు అందరూ గౌరవం గురించి మాట్లాడారు. నేను భద్రత గురించి మాట్లాడాలి. పదిహేడేళ్లు ఇల్లు నడిపాక నాకు విడాకులయ్యాయి. నన్ను మా కుటుంబంలో అందరూ మెచ్చుకునేవారు. మా ఆయన కూడా నలుగురిలో, ఈ ఇల్లు నిలబడిందంటే ఆమె వల్లే అనేవారు. విడిపోయే రోజు వచ్చాక కాగితాలు తీసి చూస్తే ఇల్లు, పొదుపు, బీమా, ఏ ఒక్కదాని మీదా నా పేరు లేదు. ఆయన సంపాదించినవన్నీ ఆయనవి, నేను పదిహేడేళ్లు చేసినది అందరికీ గుర్తున్న ఒక మంచి విషయం మాత్రమే. ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తే మధ్యలో ఇన్నేళ్లు ఏం చేశారని అడిగారు. ఏం చెప్పాలో తెలియక మౌనంగా ఉండిపోయాను.

గృహిణి దేవతతో సమానమని ఎవరైనా అన్నప్పుడు నాకు భయం వేస్తుంది. పొగడ్త ఎంత పెద్దదైతే కాగితం మీద పేరు అడగడం అంత కష్టమవుతుంది. నా దగ్గరికి వచ్చే అమ్మాయిలకు ఇంట్లో ఉండటం తప్పని నేను చెప్పను. ఇంట్లో ఉండాలని ఇద్దరూ కలిసి నిర్ణయించుకుంటే, ఆ రోజే సంపాదనలో, ఆస్తిలో, పింఛనులో ఇద్దరి పేర్లూ రాసుకోమని చెబుతాను. ప్రేమ ఉన్న రోజుల్లో ఆ మాట అడగటమే తేలిక.


న్యాయదీపిక:

నిదానం గారు చెప్పినది నేను వృత్తిలో తరచుగా చూస్తున్నాను. చట్టం ఈ విషయంలో నెమ్మదిగానైనా కదిలిందని చూపడానికి కొన్ని ఉదాహరణలు చెబుతాను. జర్మనీలో 1977 నుంచి విడాకుల సమయంలో, వివాహకాలంలో భార్యాభర్తలు కూడబెట్టిన పింఛను హక్కులను ఇద్దరికీ పంచుతారు. ఇల్లు చూసుకున్న మనిషి వృద్ధాప్యంలో చేయి చాచకూడదన్నది అందులోని ఆలోచన. 1986 నుంచి అక్కడ పిల్లల పెంపకానికి వెచ్చించిన కాలాన్ని కూడా పింఛను లెక్కలోకి తీసుకుంటున్నారు. బ్రిటన్‌లో 2000 సంవత్సరంలో వైట్ దంపతుల విడాకుల కేసులో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్, డబ్బు సంపాదించినవారి వైపు మొగ్గుచూపి, ఇంటిని, పిల్లలను చూసుకున్నవారికి అన్యాయం చేయకూడదని స్పష్టంగా చెప్పింది. వెనిజులా 1999 రాజ్యాంగంలోని 88వ అధికరణం ఇంటిపని విలువను సృష్టించే ఆర్థిక కార్యకలాపమని, గృహిణులకు సామాజిక భద్రత హక్కు ఉందని ప్రకటించింది. అర్జెంటీనా 2021లో పిల్లల పెంపకాన్ని పింఛనుకు కావలసిన సర్వీసు కాలంలో కలిపే ఏర్పాటు చేసింది.

అమలులో లోటుపాట్లు చాలా ఉన్నాయి. చైనాలో 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన పౌర స్మృతి ప్రకారం, ఇంటి బాధ్యత ఎక్కువగా మోసినవారు విడాకుల సమయంలో పరిహారం అడగవచ్చు. ఆ తరువాత కొద్ది వారాలకే బీజింగ్‌లోని ఒక న్యాయస్థానం ఐదేళ్ల ఇంటిపనికి 50,000 యువాన్లు ఇప్పించింది. అంత శ్రమకు అది చాలా తక్కువని దేశమంతటా చర్చ జరిగింది. భారత సుప్రీంకోర్టు కూడా 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద కేసులో, గృహిణికి ఊహాత్మక ఆదాయం, అంటే ఆమె పనికి ఇంత సంపాదన అని అంచనా వేసిన మొత్తం, నిర్ణయించడమంటే ఆమె శ్రమను, త్యాగాన్ని గుర్తించడమేనని వివరించింది.

ఈ తీర్పులన్నీ చదువుతుంటే ఒక విషయం నన్ను వదలదు. గృహిణి పనికి విలువ కట్టిన సందర్భాల్లో చాలావరకు ఆమె చనిపోయాకనో, కాపురం విరిగాకనో వచ్చినవే. తెల్లకాగితం గారి చేయి విరిగాక ఇంట్లో పుస్తకం తెరిచినట్టే, న్యాయస్థానాలు కూడా పని ఆగిపోయాకే పుస్తకం తెరుస్తున్నాయి.


కొత్తపాఠకుడు:

అయితే గృహిణికి నెల నెలా జీతం ఇచ్చేయవచ్చు కదా? ఎవరు ఇవ్వాలి అన్నది మాత్రం నాకు తేలడం లేదు.


రెండుపూటలు:

ఈ వాదన పాతదే. 1972లో ఇటలీలోని పాదువాలో సెల్మా జేమ్స్, మరియరోసా డల్లా కోస్టా, సిల్వియా ఫెడెరిచి తదితర స్త్రీవాదులు కలిసి ఇంటిపనికి వేతనం కావాలనే ఉద్యమాన్ని మొదలుపెట్టారు. వాళ్లు అడిగింది భర్తను కాదు, ప్రభుత్వాన్ని. రేపటి కార్మికులను కని, పెంచి, ఇవాళ్టి కార్మికులను తిరిగి పనికి సిద్ధం చేస్తున్నది గృహిణి కాబట్టి, ఆ ప్రయోజనం పొందుతున్న వ్యవస్థే చెల్లించాలన్నారు. దీనికి 1981లో అమెరికాలోని నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ గట్టి అభ్యంతరం చెప్పారు. జీతం ఇస్తే ఆ పని స్త్రీదే అని ముద్రవేసినట్టవుతుందని, పిల్లల సంరక్షణ వంటి పనులను సమాజమంతా భుజాన వేసుకోవాలని ఆమె వాదన. చాలాకాలంగా ఇళ్లలో జీతానికి పనిచేస్తున్న నల్లజాతి స్త్రీలకు ఆ జీతం వల్ల గౌరవం రాలేదన్న సంగతిని కూడా ఆమె గుర్తుచేశారు. నాకు డేవిస్ మాటే ఎక్కువ సబబుగా తోస్తుంది.


నిదానం:

జీతం అనే మాట నాకూ నచ్చదు, కానీ మంచి పిల్లల సంరక్షణ కేంద్రాలు వచ్చేదాకా ఆగమంటే ఈలోగా వయసు మళ్లిపోయే ఆడవాళ్ల సంగతేమిటి? ఏదో ఒక రూపంలో, ఆమె పేరు మీద, ఆమె ఎవరినీ అడగకుండా వాడుకోగలిగిన డబ్బు ఉండాలి. దానికి పేరు ఏదైనా పెట్టండి.


సాయంసంధ్య:

నిదానం, నువ్వు నా కూతురి వయసుదానివి అనుకుని నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. ఆ డబ్బు లేకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా అమ్మకు జబ్బు చేసినప్పుడు వెళ్లి చూడటానికి బండి ఖర్చుకు నేను మూడు రోజులు తగిన సమయం కోసం ఎదురుచూశాను. ఇంట్లో డబ్బు లేక కాదు. అడగాలి కాబట్టి.


లెక్కలపుస్తకం:

ఒక దేశంలో స్త్రీలందరూ కలిసి ఆ నోటుపుస్తకాన్ని ఒకే రోజు తెరిపించారు. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్‌లో దాదాపు 90 శాతం స్త్రీలు ఆఫీసు పనితో పాటు ఇంటిపని, పిల్లల సంరక్షణ కూడా ఆపేసి వీధుల్లోకి వచ్చారు. తండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని పనికి వెళ్లారు, ఎన్నో సంస్థలు ఆ రోజు తలుపులు తెరవలేకపోయాయి. మరుసటి ఏడాది అక్కడ స్త్రీపురుష సమానత్వ చట్టం వచ్చింది. 1980లో ఆ దేశ ప్రజలు విగ్దిస్ ఫిన్‌బోగదొత్తిర్‌ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. అయినా పని పూర్తి కాలేదనే 2023లో అదే తేదీన మళ్లీ సమ్మె చేశారు, అప్పటి ప్రధానమంత్రి కూడా అందులో పాల్గొన్నారు.


ఇంటిపట్టున:

ఒక్క విషయం ఎవరూ ప్రస్తావించలేదు. ఈ పనిలో సంతోషం కూడా ఉంది, అది చెప్పకపోతే చర్చ అసంపూర్తిగా ఉంటుంది. ఆన్ ఓక్లీ అనే బ్రిటిష్ పరిశోధకురాలు లండన్‌లోని 40 మంది గృహిణులతో మాట్లాడి 1974లో ప్రచురించినదాని ప్రకారం, వారు వారానికి సగటున 77 గంటలు పనిచేసేవారు. వారిలో 70 శాతం మంది తమ పరిస్థితి పట్ల అసంతృప్తితో ఉన్నారు. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయవలసి రావడం, ఒంటరితనం వారిని ఎక్కువగా బాధించాయి. కానీ తమ పనికి తామే యజమానులమన్న స్వేచ్ఛను వాళ్లు చాలా విలువైనదిగా చెప్పారు. నాకు ఆ మాట అనుభవంలో తెలుసు. మా పాప మొదటిసారి పుస్తకం తనంతట తాను చదివినప్పుడు నేను పక్కనే ఉన్నాను. దాన్ని ఏ ఉద్యోగానికీ మార్చుకోను. నా భార్య పింఛనులో నాకు వాటా ఉంది, బ్యాంకు ఖాతా ఇద్దరిదీ. ఆ నిశ్చింత ఉండబట్టే నేను ఈ సంతోషాన్ని సంతోషంగా అనుభవించగలుగుతున్నానేమోనని నిదానం గారి మాటలు చదివాక అనిపించింది.


తెల్లకాగితం:

అందరి మాటలూ రెండు మూడుసార్లు చదివాను. సాయంసంధ్య గారి ఉత్తరాన్ని మా అమ్మకు చదివి వినిపిస్తే, ఆమె చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, నేనూ మా అత్తగారి తరువాతే ఇల్లాలినయ్యాను అంది. మా అమ్మ గురించి నాకు అది కూడా తెలియదు.

చేతికి కట్టు విప్పి చాలా రోజులైంది. పనులు తిరిగి నా చేతికి వచ్చేస్తాయని అనుకున్నాను, కొన్ని వచ్చేశాయి కూడా. మామగారి మాత్రలు మాత్రం చిన్నవాడి పేరు మీద రాసి ఉన్నాయి, దాన్ని నేను మార్చలేదు. వాడు రెండుసార్లు మర్చిపోయాడు. ఆ రెండుసార్లూ మాత్రలు ఇంకా రెండు రోజులకు ఉన్నాయని నాకు తెలుసు, అయినా వాడికి చెప్పకుండా ఉండటం వంట చేయడం కన్నా కష్టమైంది. మూడోసారి వాడే ముందుగా చూసుకుని తెచ్చాడు. ఇంటిపట్టున గారూ, ముందుగా ఊహించడం నేర్పవచ్చని మీరు చెప్పబట్టే అన్ని రోజులు ఓర్చుకోగలిగాను.

నిదానం గారు చెప్పిన విషయం మా ఆయనతో మాట్లాడటానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆయనకు మొదట కష్టంగా తోచింది, నా మీద నమ్మకం లేదా అని అడిగారు. నమ్మకం ఉన్నందుకే ఇప్పుడు అడుగుతున్నానని చెప్పాను. తరువాత ఆయనే బీరువాలోంచి కాగితాలన్నీ తీసి బల్ల మీద పరిచారు. ఏది ఎవరి పేరున ఉందో ఇద్దరం కలిసి చూడటం ఇరవై రెండేళ్లలో ఇదే మొదలు. ఇంకా అన్నీ పూర్తి కాలేదు. న్యాయదీపిక గారూ, ఇంటి కాగితాల్లో రెండో పేరు చేర్చే ముందు దాని మీద ఉన్న అప్పు తీరి ఉండాలా?


న్యాయదీపిక:

అప్పు తీరేదాకా ఆగనవసరం లేని చోట్లు చాలా ఉన్నాయి, కానీ అప్పిచ్చిన సంస్థ రాతపూర్వక అనుమతి కావలసి వస్తుంది, పేరు చేరితే ఆ అప్పుకు మీరు కూడా బాధ్యులయ్యే అవకాశం ఉంది. అందుకని సంతకం పెట్టే ముందు అప్పు పత్రాన్ని మీరే చివరిదాకా చదవండి, అర్థం కాని చోట గుర్తుపెట్టుకుని మీ ప్రాంతంలోని న్యాయవాదిని అడగండి. ఇంటి సంగతి తేలేలోగా పొదుపు ఖాతాలు, బీమాలో నామినీ పేరు మార్చుకోవడానికి సాధారణంగా ఇంత ప్రయాస ఉండదు. వాటితో మొదలుపెట్టండి.


తెల్లకాగితం:

ధన్యవాదాలండీ. సోమవారం ఇద్దరం కలిసి బ్యాంకుకు వెళ్తున్నాం.